ప్రార్థనలో బొమ్మల పిల్ల

ఈ ఉదయం రోజూలాగే చాప పరిచి, పాట పాడి, ఒక్కొక్కరం ఒకరి కోసం ప్రార్థించాం. తమ్ముడి కూతురు, తొమ్మిదేళ్ల రూతు, టీవీలో వచ్చే జపాన్ బొమ్మల సీరియల్‌లోని పిల్ల కోసం ప్రార్థించింది. కొత్త బడిలో ఆ పిల్ల ఒంటరిగా అన్నం తింటోందట. ఆమేన్ అనకముందే తమ్ముడు లేచి కేబుల్ వైరు పీకేశాడు.

"దాంట్లో ఏముందక్కా? ఆ పిల్ల దినామూ బడికి పోతాది, వస్తాది. అంతే గదా!"

నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆళ్లగడ్డ హాస్టల్లో నువ్వు ఒక్కడివే తింటాండావని అమ్మ దినామూ ప్రార్థన చేస్తాండె. నీ కథలో మాత్రం ఏముండెరా?"

తమ్ముడు చేతిలోని వైరు టీవీ పక్కన పెట్టాడు. ఎవరి కోసం ప్రార్థించాలో పసిపిల్లకు హద్దు గీయవచ్చా? మీరే చెప్పండి.

సాయంత్రం ఇంట్లో అందరం కలిసి నిర్ణయించాం. వైరు తమ్ముడే తగిలిస్తాడు. రేపటి భాగం రూతు పక్కన కూర్చుని చూస్తాడు. ఆ పిల్ల పక్కన ఎవరైనా కూర్చున్నారో లేదో ఎల్లుండి ప్రార్థనలో తనే చెబుతాడు.