చెరుకు కొట్టినట్టు కొట్టిన మామిడికొమ్మ

ఈ రోజు మా పెరటి మామిడిచెట్టు చీలిపోయింది. పొద్దున చూస్తే పూతతో బరువెక్కిన కొమ్మ ఒకటి ఇంటి పెంకుల మీదికి వాలి ఉంది. పక్కనున్న వర్ని ఊరి నుంచి చెట్లు కొట్టే మనిషిని పిలిపిద్దామన్నాను. మా ఆయన వినలేదు.

"బండ్లకొద్ది చెరుకు కొట్టి ఫ్యాక్టరీకి తోలినోన్ని. గీ ఒక్క కొమ్మకు మనిషెందుకే?" అన్నాడు.

చెరుకు నరికినట్టే కొమ్మ మొదట్లో గొడ్డలి వేశాడు. సగం తెగకముందే అది విరిగి, మాను బెరడును కిందిదాకా చీల్చుకుంటూ పడింది.

అత్తమ్మ ఆ గాయానికి తడి పేడ పూసి, తన పాత చీర చుట్టింది.

"చెరుకైతే మళ్ల మొలుస్తది కొడుకా. గిది మీ బాపు పెట్టిన చెట్టు," అంది.

సాయంత్రం నుంచి ఆయన ఆ చెట్టు కిందే కూర్చుని, "వర్ని మనిషిని రేపు పిలిచి చెట్టు చూపిద్దామా?" అని నన్నే అడుగుతున్నాడు. మీరైతే ఏం చెబుతారు?