దీవెనమ్మ గారూ, రాకెట్టు పుస్తకాలూ

మొన్న రక్తపరీక్షకు వెళ్తే, సూది గుచ్చబోయే ముందు ఆ అమ్మాయి స్పిరిట్టులో ముంచిన దూదితో నా మోచేతి మడత తుడిచింది. చల్లగా తగిలి, ఘాటుగా ముక్కుకెక్కింది. ఆ వాసనకు ఎవరికైనా ఆసుపత్రి గుర్తొస్తుంది. నాకు పుస్తకాలు గుర్తొస్తాయి. గ్రహాల మధ్య తిరిగే ఓడలు, నీళ్ళ అడుగున పట్టణాలు, మనుషుల భాష నేర్చుకున్న చేపలు, అన్నీ ఆ వాసనతోనే నా బుర్రలోకి వచ్చాయి. రాయపూర్ రైల్వే కాలనీలో మా తెలుగువాళ్ళ క్లబ్బుకు పిల్లల పుస్తకాల అలమారా ఒకటుండేది. దాని తాళంచెవి ఆసుపత్రి నర్సు దీవెనమ్మ గారి దగ్గర ఉండేది. ఆసుపత్రిలో పారేసిన ఎక్స్‌రే ఫిల్ములు ఆవిడ తెచ్చి కడిగి పుస్తకాలకు అట్టలు వేసేవారు. అందుకని ఏ పుస్తకం తీసినా పైన ఎవరివో పక్కటెముకలు కనబడేవి. ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి, మా జిడ్డు వేళ్ళు పడిన అట్టల్ని స్పిరిట్టు దూదితో తుడిస్తేగాని ఇంకొకరి చేతికి ఇచ్చేవారు కాదు.

ఆవిడది నరసాపురం వైపు. మంచి పొడగరి, నల్లటి మనిషి, గొంతు కాస్త పెద్దది. మేమందరం సిస్టరమ్మా అనేవాళ్ళం. మొదటిసారి వెళ్ళి "మంచి పుస్తకం ఇవ్వండి సిస్టరమ్మా" అన్నప్పుడు నన్ను ఎగాదిగా చూశారు. "మంచిదంటే ఏంటే? జబ్బు చెప్పకుండా మందిమ్మంటే ఎవరిస్తారు? ఈ వారం ఎవరి మీద కోపమొచ్చిందో చెప్పు ముందు." నాకు చెప్పడానికి బోలెడుంది. మా తమ్ముడికి సైకిలు కొన్నారు. నాకు మాత్రం వాడు పడకుండా వెనకాల సీటు పట్టుకుని పరిగెత్తే ఉద్యోగం ఇచ్చారు. అంతా విని, అలమారాలో చెయ్యి పెట్టి, గాలిపడవ దొంగిలించి పారిపోయిన ఒక పడవవాడి కూతురి కథ తీసిచ్చారు. "చదువు. కోపం తగ్గదు. ఎటు పోవాలో మాత్రం దానికి తెలుస్తది."

ఇప్పుడు పత్రికల్లో కుర్రవాళ్ళకు పుస్తకాలు సూచించే పెద్దమనుషుల్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మగపిల్లలకు సాహసం, ఆడపిల్లలకు సంస్కారం అని వీళ్ళకు ఎవరు పంచిపెట్టారు? మంత్రాల కథలూ రాకెట్టు కథలూ కాలక్షేపమట, వయసొచ్చాక వదిలెయ్యాలట. నిజం పుస్తకాల్లో నాకు దొరికే చోటు వంటింటి గడప దాకానే అని పన్నెండేళ్ళకే తెలిసిపోయింది. అబద్ధం పుస్తకాలే నన్ను ఊరు దాటించాయి. ఎదుటనున్న పిల్ల మొహం చూడకుండా పుస్తకం పేరు చెప్పే మనిషిని దీవెనమ్మ గారు తన వార్డులోకి అడుగుపెట్టనిచ్చేవారు కాదు.

పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు "బాగుంది" అంటే ఇంకోటి ఇచ్చేవారు కాదు. దానితో తగవు పెట్టుకుని రావాలి. ఒకసారి మాయల ద్వీపం కథ ఒకటి ముచ్చటపడి చదివి, ఆ మాటే చెప్పబోయాను. ఆవిడ ఆ పుస్తకం తెరిచి బొమ్మ చూపించారు. "రాజకుమారుడు తెలుపు. వాడి గుర్రం తెలుపు. గుడ్లగూబ కూడా తెలుపే. రాక్షసుడొక్కడే నా రంగు. ఏమే, నేను నీకు ఇంజక్షన్ ఇవ్వడానికొస్తే పారిపోతావా?" నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "కథ బాగుంది సిస్టరమ్మా, కానీ..." అని నసిగాను. "ఆ కానీ దగ్గర్నించి చెప్పు" అని స్టూలు లాక్కుని కూర్చున్నారు. నాకు వాదించడం వచ్చిందీ అంటే ఆ స్టూలు ముందు నిలబడే వచ్చింది. అందుకే మా ఆయన ఇప్పటికీ ఆవిడనే తిట్టుకుంటారు.

మనుషులు చంద్రుడి మీద దిగిన ఏడాది కాలనీ అంతా రాకెట్ల పిచ్చి పట్టింది. క్లబ్బు వార్షికోత్సవంలో పిల్లలు ఒక్కొక్కరు మైకు ముందుకొచ్చి, తమకు నచ్చిన పుస్తకం ఇంకొకరు ఎందుకు చదవాలో చెప్పే పోటీ పెట్టారు. ఏర్పాట్లన్నీ సెక్రటరీ అప్పారావు గారివి. ఆయన హెడ్ క్లర్కు. మా నాన్న కూడా కమిటీలో ఉన్నారు. పోటీకి మమ్మల్ని తయారుచేసింది దీవెనమ్మ గారు. మాతోపాటు ఫూల్‌బాయి అని ఇంకో పిల్ల ఉంది. పట్టాలు బాగుచేసే గ్యాంగుమన్ కూతురు, ఛత్తీస్‌గఢీ వాళ్ళు. బడిలో నా పక్కనే కూర్చునేది, నాతో క్లబ్బుకొచ్చి హిందీ పుస్తకాలు పట్టుకెళ్ళేది. అలమారా సభ్యుల పిల్లలకు మాత్రమే అని క్లబ్బు నియమం. ఆ నియమాన్ని దీవెనమ్మ గారు చదివే ఉంటారు, లెక్కచెయ్యలేదంతే.

నా వంతు వచ్చింది. కుజుడి మీదికి పోయే ఓడ కథ గురించి చెప్పాను. ఓడలో డాక్టరున్నాడు, సైనికుడున్నాడు, కుక్క కూడా ఉంది, ఆడమనిషి మాత్రం లేదు, మన దేశం నుంచి ఒకడున్నాడు గాని వాడు వంటవాడు, అయినా ఈ పుస్తకం చదవండి, చదివి రాసినవాణ్ణి నిలదీయండి అన్నాను. చప్పట్లు మోగాయి. ముందు వరసలో ఎవరో "మనవాళ్ళని వంటకి పెడతారా, హద్ హో గయీ, మరీ హద్దు మీరారు" అన్నారు. అప్పారావు గారు మైకందుకుని "మన సుభద్ర లాయరవుతాది, రాసిపెట్టుకోండి" అని మెచ్చుకున్నారు. తర్వాత ఫూల్‌బాయి స్టేజీ మెట్టెక్కింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "మెంబర్ల పిల్లలకేనమ్మా ఇది. సిస్టరుగారూ, తమరికి తెల్దా ఏటి? తెలుగు క్లబ్బు కదండీ."

దీవెనమ్మ గారు కుర్చీలోంచి లేచారు. గొంతు పెంచలేదు. ఆవిడ గొంతు పెంచకపోతేనే భయం. "అప్పారావు గారూ, వాళ్ళ ఓడలో మనల్ని వంటవాణ్ణి చేశారని ఇందాకే కదండీ అందరం బాధపడ్డాం. ఈ పిల్ల ఊళ్ళోకొచ్చి కాపురముంటున్నాం మనం. మన ఓడలో ఈ పిల్లకి ఆ వంటపనైనా లేదా?" ఫూల్‌బాయికి తెలుగు రాదు, కానీ గొడవ తన గురించేనని అర్థమైంది. "మోలా బోలన్ దే" అంది, నన్ను మాట్లాడనివ్వండి అని. అప్పారావు గారు మైకు ఆపించారు. ఆ పిల్ల మైకు లేకుండానే చెప్పింది. ఈ పుస్తకంలో ఒక అమ్మాయి మబ్బుల్లో ఊరు కడుతుంది, ఆ ఊరికి గేటు ఉండదు, అందుకే చదవండి అని తన భాషలో చెప్పి, తనే దండం పెట్టి దిగిపోయింది. ముందు వరసల వాళ్ళకే వినబడింది. ఆ వరసలో కమిటీ కూర్చుంది. ఒక్కరి చేతులూ కలవలేదు.

ఆ వారమే కమిటీ మీటింగు పెట్టి, చేతులెత్తించి, తాళంచెవి అడిగేశారు. ఫూల్‌బాయి పేరు ఎవరూ ఎత్తలేదట. దయ్యాల పుస్తకాలిస్తున్నారు, పిల్లలు పెద్దలకు ఎదురు మాట్లాడుతున్నారు అన్నారట. చప్పట్లు కొట్టింది ఎవరండీ మరి? ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్ననడిగాను. "నువ్వూ చెయ్యెత్తావా?" ఆయన కంచంలోకి చూస్తూ "అందరూ ఎత్తారే" అన్నారు. "ఆ రోజు అందరూ చప్పట్లు కొట్టారు. ఆ అందరేనా?" అన్నాను. "కాలనీలో బతకాలి కదే అమ్మా. సిస్టరుగారికేం, ఒంటరి మనిషి" అన్నారు. ఒంటరి మనిషైతే అన్యాయం చెయ్యొచ్చా అని నేను, అన్నం ముందు ఆ అరుపులేంటని అమ్మ. ఇప్పుడు నాకు ఆనాటి మా నాన్న వయసొచ్చింది. వయసొస్తే అర్థమవుతుందని అందరూ అన్నారు. అర్థం కాలేదు. ఆ చెయ్యి ఎత్తకుండా ఉండటానికి ఏం బలం కావాలో నాకు ఇప్పటికీ బోధపడదు.

దీవెనమ్మ గారు తాళంచెవి ఇచ్చేశారు. మరుసటి ఆదివారం తన క్వార్టరు వరండాలో చాప పరిచి కూర్చున్నారు. గోల్‌బజార్‌లో పాత పుస్తకాలు ఏరుకొచ్చారు. విశాఖపట్నం వైపు నుంచి వచ్చే రైలు గార్డుల్ని బతిమాలి తెలుగువి తెప్పించారు. ఆ చాప మీద ఎవరైనా కూర్చోవచ్చు. అప్పారావు గారి రెండో అమ్మాయి చేతిలో పాలగిన్నె పట్టుకుని వచ్చి, గిన్నెలో పుస్తకం పెట్టుకుని వెళ్ళేది. క్లబ్బు అలమారాకు కొత్త తాళం వేశారు, దాన్ని తీసేవాళ్ళు లేక లోపలున్నవన్నీ చెదలు తిన్నాయి. ఫూల్‌బాయి చాలాకాలం వచ్చింది. తర్వాత వాళ్ళ నాన్నను ధర్సీవా వైపు గ్యాంగుకు మార్చారు. చదువు మాన్పించారని విన్నాను. ఆ తర్వాత సంగతి తెలియదు. నాకు మాటలు నేర్పిన ఊరే ఆ పిల్ల నోరు నొక్కిందంటే నేను ఎవరిని క్షమించాలి?

నేను చదువుకుని, ఇక్కడే ఆడపిల్లల కాలేజీలో లెక్చరర్నయ్యాను. దీవెనమ్మ గారు రిటైరై నరసాపురం వెళ్ళిపోయారు. చివరిసారి చూసినప్పుడు ఆవిడకు చూపు బాగా తగ్గింది. హిందీలో కొత్తగా వచ్చిన నవల ఒకటి నాతో పట్టుకెళ్ళాను. అందులో ఓ గిరిజన పిల్ల ఒంటరిగా ఓడ నడుపుకుంటూ పోయి తెలియని గ్రహం మీద దిగుతుంది. ఇన్నాళ్ళకు మనకు కావలసిన పుస్తకం వచ్చింది సిస్టరమ్మా అని, రెండు మధ్యాహ్నాలు గొంతు పోయేలా చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని అంతా విన్నారు. "పిల్ల బాగుంది" అన్నారు. నేను పొంగిపోయాను. అప్పుడు అడిగారు. "ఆ గ్రహంలో ముందునించీ ఉన్నవాళ్ళు ఉన్నారు గదా. అంత లావు పుస్తకంలో వాళ్ళొక్కరూ నోరు విప్పలేదేంటే?"

నాకు కోపమొచ్చింది. ఇంత దూరం మోసుకొచ్చి చదివితే ఇదా మాట అనుకున్నాను, అనేశాను కూడా. తిరుగు రైల్లో ఆవిడను ఓడించాలని మళ్ళీ మొదటి నుంచి చదివాను. నిజమే, ఆ గ్రహం వాళ్ళు ఒక్కరూ నోరు విప్పలేదు. అప్పటి నుంచి ఆ పుస్తకాన్నే ఏటా నా విద్యార్థినులకు సిఫారసు చేస్తాను, ఆ ప్రశ్నతో సహా. మీకు ఏ పుస్తకమూ నచ్చదా మేడమ్ అని విసుక్కుంటారు. ఇది నచ్చబట్టే కదా ఏటేటా మోస్తున్నాను.

ఈ ఏడు ఆరంగ్ నుంచి బస్సులో వచ్చే ఒక పిల్ల పుస్తకం తిరిగిచ్చి, నా టేబులు ముందు నిలబడి, "మీరు సరిగ్గా చదవలేదు మేడమ్. వాళ్ళు చివర్లో పాడతారు. పాట మాట కాదా?" అంది. కాదన్నాను. అవునంది. కూర్చోమని కుర్చీ చూపించాను. బెల్లు కొట్టారు, బస్సు వెళ్ళిపోయింది, ఇద్దరం లేవలేదు.