దేవదానం గారి ఖాకీ సంచి

మొన్న మా అమ్మాయి కరోల్ బాగ్ నుంచి కొత్త సంచి తెచ్చుకుంది. మందపాటి కాన్వాసు గుడ్డ, ఒంటికి అడ్డంగా వేసుకునే పొడవాటి పట్టీ. "దోనో హాథ్ ఖాలీ రహ్‌తే హై, పాపా!" అంటూ ఖాళీగా ఉన్న రెండు చేతులూ ఊపి చూపించింది. ఆ కొత్త గుడ్డ వాసన ముక్కుకు తగలగానే దేవదానం గారు గుర్తొచ్చారు.

ఈ శతాబ్దపు తొలి ఏళ్లలో నేను గుమాస్తాగా ఢిల్లీ వచ్చాను. ఆర్.కె. పురంలోని మా తెలుగు క్రైస్తవ సంఘానికి ఆయన పెద్ద. వాక్యం చదవడం, నలుగురిలో నోరు విప్పి ప్రార్థించడం నాకు నేర్పింది ఆయనే. మంచం పట్టినవాళ్లకు ప్రభు బల్ల, అంటే యేసు ఆఖరి విందుకు గుర్తుగా తీసుకునే రొట్టె, ద్రాక్షారసం, ఇంటికి తీసుకెళ్లడం ఆయన పని. పాస్టరు గారు ఆరాధనలో ప్రార్థించి ఇచ్చినవే తీసుకెళ్లాలి. దారిలో కొన్నవి ఇవ్వకూడదని మా సంఘ నియమం. వాటిని ఖాకీ సంచిలో పెట్టుకుని, పట్టీ ఛాతీ మీదుగా వేసుకుని బస్సెక్కేవారు. వాళ్ల నాన్న గుంటూరు వైపు పల్లెల్లో సువార్త పుస్తకాలు పంచుతూ అలాంటి సంచితోనే తిరిగేవారట. "ఒక చెయ్యి బస్సు కడ్డీకి, ఇంకో చెయ్యి పక్కవాడికి. సంచి సంగతి సంచే చూసుకుంటుంది," అనేవారు.

ఒకసారి కండక్టరు, "అంకుల్‌జీ, డాకియా హో క్యా?" అని, పోస్టుమాన్‌వా అన్నట్టు ఎగతాళి చేస్తే బస్సంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి, "వాడన్నది నిజమేరా. మనదీ కబుర్లు మోసే పనేగా!" అన్నారు. పక్కన నిలబడిన నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆ వారమే నల్లటి బ్రీఫ్‌కేసు కొని తీసుకెళ్లాను.

"సంఘ పెద్ద మీరు. పోస్టుమాన్‌లా ఏమిటంకుల్ ఆ వేషం?"

ఆయన పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇంత ప్రేమగా తెచ్చావు, కాదంటానా?" అన్నారు.

ఆ ఆదివారం ఆరాధన కాగానే ఫరీదాబాద్‌లో మంచాన ఉన్న మార్తమ్మ గారి కోసం ఇద్దరం బయలుదేరాం. బస్సు కిక్కిరిసి ఉంది. రొట్టె, ద్రాక్షారసం ఉన్న పెట్టె నేనే తీసుకుని సీటు కింద పెట్టాను. బస్సు మారాల్సిన బదర్‌పూర్‌లో జనం తోసుకుంటూ దిగుతుంటే మేమూ దిగాం. బస్సు కదిలి వెళ్లిపోయాక నా ఖాళీ చేతులు చూసుకున్నాను. పెట్టె సీటు కిందే ఉండిపోయింది.

మార్తమ్మ గారు ఉపవాసంతో, తెల్లచీర కట్టుకుని, దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. నేను నోరు తెరిచేలోపే దేవదానం గారు, "బస్సులో మరిచిపోయానమ్మా. నాదే పొరపాటు," అన్నారు.

"దానికేముంది అన్నయ్యా, వచ్చే ఆదివారం దాకా ఉంటాగా!" అందావిడ.

గురువారం ఆవిడ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. సమాధి దగ్గర ఆవిడ కూతురు సునీత అందరి ముందూ అడిగేసింది: "మా అమ్మకు ఆఖరి బల్ల అందలేదు. ఆ మాత్రం గుర్తుండనప్పుడు ఈ పెద్దరికం ఎందుకంకుల్?" ఆయన తల వంచుకున్నారు. నేను పూలదండ పట్టుకుని పక్కనే నిలబడ్డాను.

తిరిగి వస్తూ, "ఎందుకు మీ మీద వేసుకున్నారు?" అని అడిగాను.

"నువ్వు కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాడివి. ఆ మాట పడితే మళ్లీ గుడి గడప తొక్కవని భయమేసింది. ఎప్పుడో ఒకప్పుడు నువ్వే చెప్తావులే," అన్నారు.

మరుసటి ఆదివారమే ఆయన పెద్దరికం వదులుకున్నారు. వెనక బల్ల మీద కూర్చుని ఆరాధన కాగానే వెళ్లిపోయేవారు. పెట్టె మరిచింది నేనేనని ఆయన బతికుండగానే అందరికీ చెప్పాలని ప్రతివారం అనుకున్నాను. పై చలికాలం ఆయన న్యుమోనియాతో పోయారు. దాచినది ఒప్పుకోమని ఎందరికో బోధించాను, ఇప్పటికీ బోధిస్తున్నాను.

ఇప్పుడు ఆ సంఘానికి నేను పెద్దను. ప్రతి ఆదివారం రొట్టె పళ్లెం పట్టుకుని వరుసల మధ్య నడుస్తాను. సునీత లేచి నిలబడి, నా చేతి మీదుగానే తీసుకుని, "వందనాలు అన్నయ్యా," అంటుంది. చెప్పాలనే నోరు తెరుస్తాను. "వందనాలమ్మా," అని పక్క వరుసకు వెళ్లిపోతాను.