ఇరవై ఒకటో దినం దాంక

ఇబ్రహీంపట్నం బస్టాండులో, తాడు కట్టిన అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. లోపల బండి కింద పడి కాలు విరిగిన వీధిపిల్లి. పశువుల దవాఖానలో కట్టు కట్టించినా మూలుగు ఆపడం లేదు.

పక్కన కూర్చున్న ముసలామె పెట్టె మీద అరచెయ్యి ఆనించింది. మూలుగు ఆగిపోయింది.

"పిల్లికి ఎనక ఎడమ కాలే గదా బిడ్డా?" అంది. నేను మూత తీయనే లేదు.

"అవ్ అవ్వా."

"పేరు పెట్టినవా?"

"ఇంక లేదు."

"పెట్టకు. సచ్చి బతికింది, ఇప్పుడే పుట్టినట్టు లెక్క. పసిపిల్లలకు ఇరవై ఒకటో దినం దాంక పేరు పెడ్తమా? ముందుగాల్నే పెడితే ఇంకోళ్లు ఇంటరు. ఇని పిలుస్తరు."

"ఎవరవ్వా?"

ఆమె లేచి, మంచాల ఊరికి పోయే బస్సెక్కింది. పెట్టెలో మళ్లీ మూలుగు మొదలైంది.

నవ్వుకున్నాను కానీ, పేరు మాత్రం పెట్టలేదు. కట్టు విప్పారు, పిల్లి కుంటుతూ నడిచింది. ఇరవై ఒకటో రోజు సాయంత్రం పాలగిన్నె ముందు పెట్టి, అనుకున్న పేరు పలకబోయాను. నేను నోరు తెరవకముందే అది చెవులు నిక్కించి ఖాళీ గుమ్మం వైపు తిరిగింది.

మెల్లగా, తెలిసినవాళ్లు పిలిస్తే పలికినట్టు, "మ్యావ్" అంది.