తొమ్మిది ఒకట్ల లెక్క

మొన్న శనివారం బేస్‌మెంట్ సర్దుతుంటే గిఫ్ట్ ర్యాపింగ్ కాగితాల డబ్బాలో ఒక పాత కాగితపు చుట్ట దొరికింది. ముందువైపు మంచుబొమ్మలు. వెనకవైపు పెన్సిల్‌తో మెట్లు మెట్లుగా ఒకట్లు, అడుగున పదిహేడంకెల సంఖ్య: 12345678987654321. మా వదిన మా అమ్మాయి చేత చేయించిన గుణకారం అది.

వదిన విజయవాడలో తొమ్మిదేళ్లు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పింది. మా అన్నయ్యని చేసుకుని అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్ వచ్చాక, డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేయడానికి లేదు. పాఠం చెప్పడానికి ఎవరూ లేక, పార్కింగ్ లాట్‌లో నంబర్ ప్లేట్ల మీది అంకెలు చూసి, "ఇది పదమూడుతో భాగం పోతుంది" అని తనలో తాను అనుకునేది. మేం నవ్వితే తనూ నవ్వేది. కానీ ఈ గుణకారం చేయించిన ఏడు చలికాలంలో అన్నయ్యతో, తను తిరిగి వెళ్లి కాలేజీలో చేరిపోతానని చెప్పేసింది.

అప్పుడే, నాలుగో తరగతిలో ఉన్న మా అమ్మాయిని లెక్కల్లో కింది గ్రూప్‌కి మారుస్తామని స్కూల్ నుంచి ఉత్తరం వచ్చింది. నేను దాని మీద కేకలేశాను. అది మాట్లాడటం మానేసింది. ఆ వారమే మంచు కురిసి మూడు రోజులు స్కూల్ మూశారు. నేను ఇంటి నుంచే ఆఫీస్ పని చేసుకుంటుంటే వదిన వచ్చి దాని దగ్గర కూర్చుంది. పదకొండుని పదకొండుతో, నూటపదకొండుని నూటపదకొండుతో హెచ్చవేయించింది. 121, 12321 వచ్చాయి.

"అత్తా, బ్యాక్‌వర్డ్స్ చదివినా సేమే."

"ఇంకో ఒకటి చేర్చి చూడు."

నోటుబుక్కు చాలక ఈ కాగితం హాల్లో పరిచారు. రెండో రోజు సాయంత్రానికి తొమ్మిది ఒకట్ల దాకా వచ్చారు. ఎప్పటికీ ఇలాగే వస్తుందా అని అమ్మాయి అడిగితే, నువ్వే చూడమంది వదిన. మర్నాడు ఇంకో కాగితం మీద పది ఒకట్లు వేస్తే 1234567900987654321 వచ్చింది. రెండోసారి చేసినా అంతే. అది ఏడుపు మొదలుపెట్టింది.

"ఐ మెస్డ్ ఇట్ అప్. నాకు మ్యాథ్ రాదు అత్తా."

వదిన కార్పెట్ మీద చతికిలబడి మధ్య నిలువు వరుస మీద వేలుపెట్టింది. "ఇక్కడ ఒకట్లు ఎన్నున్నాయి?"

"టెన్."

"తొమ్మిదైతే ఒక్క అంకెలో సరిపోయేది. పది కాబట్టి సున్నా వేసి, ఒకటి పక్కకి పంపాలి. అది వెళ్లి అక్కడి తొమ్మిదిని కూడా పది చేసింది. నువ్వు తప్పు చెయ్యలేదు నాన్నా. ఆ వరస నిజంగానే ఇక్కడ ఆగిపోతుంది. నేను చెప్పకుండా నువ్వే పట్టుకున్నావు."

"సో, నేను కరెక్టా?"

వదిన తలూపింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను మెట్ల మీద నిలబడి చూస్తున్నాను. మీటింగ్‌లో నన్ను ఎన్నిసార్లు పిలిచారో తెలియదు.

అమ్మాయిని ఆ ఏడు కింది గ్రూప్‌లోనే వేశారు. కానీ లెక్కల పుస్తకం చూసి ఏడవడం మానేసింది. ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. వదిన తిరిగి వెళ్లలేదు. మంచు కరిగాక లైబ్రరీలో శనివారాలు పిల్లలకి ఊరికే లెక్కలు చెప్పింది. వర్క్ పర్మిట్ వచ్చాక కమ్యూనిటీ కాలేజీలో చేరి, ఇప్పటికీ చెబుతోంది. ఆ మూడు రోజులూ ఎప్పుడు గడుస్తాయా అని నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆవిడకి కాలం మళ్లీ మొదలైంది అప్పుడేనని తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.