గార్డుగారి పుస్తకంలో వంకాయ కూర

గార్డుగారు పోయేరు. ఆ కబురు వచ్చినప్పుడు నేను పాలు కాస్తున్నాను. వారి మనవరాలు గోడ అవతల నిలబడి, "మామ్మా, తాత చలే గయే" అంది. నేనలా చూస్తూ ఉండిపోయేను, పాలు పొంగి పొయ్యంతా పారేయి. అక్క వరసన నన్ను అప్పగారనే ఆయనే ఉంటే, "చూసేరా, అప్పగారు ఏడవకపోయినా ఆవిడ పాలు ఏడిచేయి" అని రాసుకునేవారు.

పోయినవాళ్లందర్నీ మంచివాళ్లనడం మన ఆచారం. గార్డుగారు ఉండగానే మంచివారు కాబట్టి నాకా శ్రమ తప్పింది.

బిలాస్‌పూర్ తెలుగువాళ్లలో పాతవాళ్లకి ఆయన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. కొత్తవాళ్ల కోసం చెప్తున్నాను. గూడ్సు బండికి గార్డుగా చేరి, పాసింజరు గార్డుగా రిటైరయ్యేరు. మధ్యలో మన రైల్వే కోలనీ మనుషుల మీద నాలుగు హాస్యం పుస్తకాలు రాసేరు. మా తాతల్లాగే వాళ్ల తాతలూ విజయనగరం వైపు నించి రైలు పనికి వచ్చినవాళ్లే. క్వార్టర్లో పక్కపక్కన ఉన్నాం. రాజ్‌కిశోర్ నగర్‌లో ఇళ్లు కట్టుకున్నా పక్కపక్కనే పడ్డాం.

"ఏటప్పగారూ, క్వార్టర్లో గోడ పల్చన, మీ తిట్లు బాగా వినబడేవి. ఇక్కడ కష్టం" అన్నారు గృహప్రవేశం నాడు.

"గట్టిగా తిడతాను లెండి" అన్నాను. మాట తప్పలేదు.

ఆయన రాత పద్ధతి ఒకటుంది. ఏది రాసినా అచ్చుకిచ్చే ముందు తన వరండాలో పదిమందికీ చదివి వినిపించాలి. ఎవరి మీద రాసేరో ఆ మనిషిని ముందు వరసలో కూర్చోబెట్టాలి. ఆ మనిషికి నవ్వు రాకపోతే ఆ కాగితం అక్కడే చింపీడం. రెండో పుస్తకంలో పెళ్లి శుభలేఖలో తప్పులన్నీ ఎర్రసిరాతో దిద్ది, పెళ్లివారికే తిప్పి పంపిన పంతులమ్మ ఒకావిడ ఉంది. అది నేనే. తప్పులున్నాయి, దిద్దేను. అందులో హాస్యం ఏముందో నాకిప్పటికీ తెలీదు. కాని ముందు వరసలో కూర్చుని కళ్లంట నీళ్లొచ్చేదాకా నవ్వేను, ఏం చేస్తాం.

వినడానికి వచ్చేది తెలుగువాళ్లొక్కరే కాదు. వీధిలో హిందీవాళ్లు, ఛత్తీస్‌గఢీ వాళ్లు కూడా కుర్చీలు తెచ్చుకుని వెనక కూర్చునేవారు. ఆయన ఒక వాక్యం చదివితే తెలుగువాళ్లు నవ్వేవారు. మొదట్లో నేనూ, తరవాత వాళ్ల మనవరాలూ దాన్ని హిందీలో చెప్తే, వెనకవాళ్లు ఒక నిమిషం ఆలస్యంగా నవ్వేవారు. ఆ రెండో నవ్వు వచ్చేదాకా గార్డుగారు తరవాత వాక్యం చదివేవారు కాదు. జెండా పట్టుకున్నట్టు కుడిచెయ్యి పైకెత్తి ఆగేవారు.

"కానియ్యండి గార్డుగారూ" అని ఎవరైనా తొందరపెడితే, "ఉండండి బాబూ, వెనక పెట్టెలో వాళ్లు ఎక్కనీండి" అనేవారు. "ఇంజనువాడు ముందుకి చూస్తాడు. గార్డు పని వెనక్కి చూడ్డం."

వరండాలోకి రానిది ఒక్కర్తే, ఆయన భార్య. ఆయన నన్ను అప్పగారన్నారు కాబట్టి ఆవిడ నాకు మరదలు. చదువు సాగినంతసేపూ వంటింట్లోనే ఉండేది. రమ్మంటే, "పొద్దస్తమానం ఆ గొంతే వింటన్నాను వదినా, మళ్లీ పుస్తకంలో కూడానా?" అనేది. ఆవిడ నవ్వగా మేం వినలేదు. ఆయన చూపు మాత్రం మాటిమాటికీ వంటింటి గుమ్మం వైపే వెళ్లేది.

ఆయన రాసినవాటిలో అందరూ మళ్లీ మళ్లీ అడిగి చదివించుకునేది కర్గీ రోడ్ కథ. అది జరిగిందే. మరదలి అన్నదమ్ములు ఊర్నించి వచ్చేరు. మధ్యాన్నం భోజనానికి వచ్చీస్తానన్న ఈయన, గూడ్సు బండితో కర్గీ రోడ్ స్టేషన్లో ఇరుక్కుపోయేరు. సిగ్నలు రాదు, బండి కదలదు. మరదలు చూసి చూసి, కేరేజీలూ అరిటాకులూ అన్నదమ్ముల్నీ పాసింజరెక్కించి తనే బయల్దేరింది. బండి ఆగి ఉన్న చోటే, గార్డు పెట్టె పక్కన నేల మీద, బావకీ బావమరుదులకీ వడ్డన మొదలెట్టింది. కూర పడిందో లేదో సిగ్నలు పడింది. అదే సమయానికి పెద్ద బావమరిది కడిగిన అరిటాకుని నీళ్లోడేలా గాల్లో ఊపేడు. దూరాన్నించి డ్రైవరుకి పచ్చగా ఊగుతూ ఏదో కనిపించింది. గార్డు పచ్చజెండా ఊపేడనుకుని కూత వేసి బండి కదిపీసేడు. ఎంగిలిచేత్తో గార్డుగారు తన బండి వెంట తనే పరిగెత్తేరు.

ఈ కథలో ఆయన వంకాయ కూర అని రాసేరు. చదివిన ప్రతిసారీ అక్కడికొచ్చేసరికి వంటింట్లోంచి మరదలి గొంతు వినబడేది: "వంకాయ కాదు, రొయ్యలు!"

పంతులమ్మని కదా, నాకు చెయ్యి దురద. "రెండో ముద్రణలోనైనా దిద్దండి" అన్నాను.

"దిద్దొద్దప్పగారూ" అన్నారు, గొంతు తగ్గించి. "నా పుస్తకాల మీద ఆవిడ అనే మాట అదొక్కటే. అది కాస్తా దిద్దీసేననుకోండి, ఆవిడ వింటన్నాదో లేదో నాకెలా తెలుస్తాది?"

నా జన్మలో తెలిసి తెలిసి వదిలేసిన తప్పు అదొక్కటే.

ఆయన పోయింది మొదలు మరదలు మాటాడ్డం మానేసింది. ఏడవలేదు కూడా. పలకరిస్తే చూసేది, కంచం పెడితే చూసేది, అంతే. కొడుకు డాక్టర్ని తెచ్చేడు. కోడలు గుడికి మొక్కింది. నేను మామూలుగా తిట్టి చూసేను. దానికీ పలకలేదంటే నాకు భయమేసింది.

దినం నాడు ఆ పుస్తకం పట్టుకుని వెళ్లేను. వరండా నిండా జనం. భోజనాలకి కడిగిన అరిటాకులు గుమ్మం పక్కన దొంతరగా పెట్టేరు. మరదలు లోపలి గదిలో గోడకి ఆనుకుని కూర్చుంది.

పుస్తకం చూడగానే కొడుకు చెవి దగ్గరకొచ్చేడు. "అత్తా, ఇవాళ హాస్యం ఏటి? నలుగురూ ఏటంటారు, లోగ్ క్యా కహేంగే?"

"ఏదో ఒకటి కహేంగే. ఇందాకట్నించీ మీ కొత్త ఫ్యాను గురించి కహ్ రహే హైఁ. దానికన్నా నయం. పక్కకి జరుగు."

మనవరాలు వచ్చి నా పక్కన నిలబడింది. అది తెలుగు చదవలేదు, విని చెప్పగలదు. చదవడం మొదలెట్టేను. మొదటి పేజీకి ఎవరూ నవ్వలేదు. చావింట్లో నవ్వొచ్చునా కూడదా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సిగ్నలు రాక గార్డుగారు స్టేషను మాస్టారుతో పడ్డ తగువు దగ్గర ఎవరో ముక్కులోంచి చిన్నగా నవ్వేరు. మనవరాలు హిందీలో చెప్పింది. వెనక వరసలో ఒకాయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

వడ్డన వచ్చింది. "మా ఆవిడ మొదట వంకాయ కూర వడ్డించింది" అని చదివి ఆగేను. కుడిచెయ్యి దానంతటదే పైకి లేచింది.

నేనెందుకాగేనో చప్పున ఎవరికీ తట్టలేదు. అక్కడ నవ్వడానికేం లేదు మరి. కొడుకు ఇబ్బందిగా కదిలేడు. "ఆగే క్యా, మామ్మా?" అని తరవాత ముక్క అడిగింది మనవరాలు మెల్లగా. నేను చెయ్యి దించలేదు. భుజం నెప్పెట్టింది. వయసు నాకూ ఉంది కదా.

"వంకాయ కాదు వదినా."

గొంతు బొంగురుపోయింది గాని, మరదలిదే.

"రొయ్యలు. మావిడికాయేసిన రొయ్యలు. ఎన్నిసార్లు చెప్పేనో ఆ మనిషికి!"

తెలుగువాళ్లు ఘొల్లుమన్నారు. మనవరాలు ఏడుస్తూనే హిందీలో చెప్పింది, "బైంగన్ నహీఁ థా, ఝీంగా థా." వెనక వరస నించి రెండో నవ్వు వచ్చింది.

ఆ నవ్వులోంచే మరదలు గోడ పట్టుకుని లేచి గుమ్మంలోకి వచ్చింది. "ఆకు సంగతీ సరిగ్గా రాయలేదు. మా పెద్దన్న కాదు ఊపింది, చిన్నన్న. ఎలగూపేడో తెలుసునా?" అంటూ వంగి దొంతర మీది ఆకొకటి తీసింది.

"ఇదిగో, ఇలగ."

తడి ఆకు గాల్లోకి లేచింది. నీళ్లు ముందు వరస మీద చిందేయి. గుమ్మంలో మా మరదలు చెయ్యి పైకెత్తి, దూరంగా ఎవరికో కనబడాలన్నట్టు, ఆ పచ్చటాకుని ఊపుతూనే ఉంది.