సార్ దిద్దిన మాట

పోయిన వారం శుక్రవారం మా ఇంగ్లీషు సార్ ఉదయగిరిలో కన్నుమూశారు. ఆత్మకూరు బడిలో పాఠం చెబుతుండగా ఆయన కూతురు ఫోన్ చేసింది. ఏడుపు తర్వాత వచ్చింది. ముందొచ్చింది సిగ్గు.

సార్ సంచిలో అట్ట ఊడిన డిక్షనరీ ఒకటి ఉండేది. ఏ మాటకు అర్థమడిగినా "నన్నెందుకు నమ్మేది? దాన్ని చూడు" అనేవారు. ఒక్క మాటకు మాత్రం ఆయనే చూడలేదు. సుత్తితో సాగగొట్టి చేసిన ఇనుప గేటును రాట్ ఐరన్ గేటు అంటామే, ఆ 'రాట్'. అది 'రీక్' అనే క్రియకు, అంటే కీడు చేయడానికి, పాతకాలపు రూపమని మాకు చెప్పారు. నేను టీచరయ్యాక నా పిల్లలకూ అదే చెప్పాను.

రిటైరయ్యాక ఎందుకో వెతికారు. అది 'వర్క్'కు ఒకనాటి భూతకాలమట. వందల ఏళ్లు జనం నోళ్లలో నలిగి, రకారం ముందుకు జరిగి అట్లా మిగిలిందట. ఇక ఆయనకు నిద్ర పట్టలేదు. పాత శిష్యుల పేర్లు రాసుకుని బస్సులెక్కారు. మర్రిపాడులో మేకలు తోలుకునే వాడికీ చెప్పారు, సంగంలో ఆటో నడిపేవాడికీ చెప్పారు. వాళ్లు నవ్వారు.

మా బడికొచ్చి, నీళ్లయినా తాగకుండా చెప్పారు.

"చేత్తో చేసిన పనమ్మా అది. నన్ను కన్న అబ్బా చెక్కిన చెక్క గరిటెలు రోజూ చూస్తా, దాన్ని కీడన్నాను. నీ పిల్లోళ్లకు నువ్వే చెప్పాల. తప్పు చెప్పిన నోరే దిద్దాల."

సరేనన్నాను. చెప్పలేదు. తరగతి ముందు నిలబడి నాకు తెలియదని ఒప్పుకోవడానికి నామోషీ. నెల తర్వాత ఆయన ఫోన్ చేసి అడిగితే, చెప్పినాను సార్ అని నోరారా అబద్ధమాడాను. ఎంత సంతోషించారో, మహానుభావుడు!

ఉదయగిరి వెళ్లేసరికి సార్‌ను తీసుకెళ్లిపోయారు. కూతురు ఆ పేర్ల నోటుబుక్కు నా చేతిలో పెట్టింది. అందరి పేర్ల పక్కనా ఎర్ర టిక్కు. నా పేరు దగ్గర టిక్కుతో పాటు చిన్న అక్షరాలు: 'పిల్లలకు కూడా చెప్పింది. మంచి పిల్ల.' అక్కడే కూలబడి ఏడ్చాను.

సోమవారం తరగతిలో చెప్పాను. అంతకుముందు నా దగ్గర చదివి బడి వదిలి వెళ్లిన పిల్లలు మిగిలారు. ఈ ఆదివారం వరికుంటపాడు బస్సెక్కాను, మొదటి అమ్మాయిది ఆ ఊరే. ఒళ్లో కొత్త నోటుబుక్కు ఉంది. పేజీ నిండా పేర్లు, వాటి పక్కన ఇంకా ఏ గుర్తూ లేదు.